నర్సు చదువుకు గుర్తింపు: పోయేది ఇక్కడే

(చిక్కడపల్లిలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశాలకు వెళ్లే నర్సుల సమస్యల గురించి మాట్లాడమన్నారు. నేను వక్తను కాను, లాయరును కాను. ముప్పై రెండేళ్లు నర్సుగా, అందులో చివరి పదేళ్లు నర్సింగ్ ట్యూటర్‌గా పనిచేసి రిటైరయ్యాను. అశోక్‌నగర్‌లో ఉంటున్నాను. చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండే నర్సు పిల్లలు కాగితాలు పట్టుకుని మా ఇంటికి వస్తుంటారు. ఆ కాగితాలు చూసీ చూసీ నాకు తెలిసినదే ఇవాళ మీతో చెబుతాను.

చిక్కడపల్లి, అశోక్‌నగర్ అనగానే అందరికీ గుర్తొచ్చేది గ్రూప్ వన్, గ్రూప్ టూ కోచింగులు, నగర కేంద్ర గ్రంథాలయం దగ్గర చదువుకునే పిల్లలు. నోటిఫికేషన్ ఆలస్యమైతే వాళ్లు రోడ్డెక్కుతారు, పేపర్లో వస్తుంది. అవే సందుల్లోని ఆడపిల్లల హాస్టళ్లలో ఇంకో రకం విద్యార్థినులున్నారు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి, రెండు మూడు గంటలు పడుకుని లేచి, ఇంగ్లీషు పరీక్షకో జర్మన్ భాషకో చదువుకునే నర్సులు. వీళ్లు రోడ్డెక్కరు. ఎక్కడానికి వీళ్లకు సెలవు దొరకదు.

మొదట నా సంగతి చెబుతాను. 1995లో గల్ఫ్‌లో ఒక ఆస్పత్రి ఉద్యోగానికి బొంబాయిలో ఇంటర్వ్యూ జరిగితే ఎంపికయ్యాను. ఒరిజినల్ డిప్లొమా, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. అవి నా దగ్గర లేవు. అప్పుడు నేను పనిచేస్తున్న ఆస్పత్రి వాళ్లు ఉద్యోగంలో చేరిన రోజునే "మా దగ్గర భద్రంగా ఉంటాయమ్మా" అని తీసుకున్నారు. రెండేళ్ల బాండు పూర్తయింది కదా, ఇవ్వండి అంటే ఇవాళ రా, రేపు రా అని మూడు నెలలు తిప్పారు. ఈలోగా ఆ ఉద్యోగం ఇంకొకరికి వెళ్లిపోయింది. నా చేతిలో మిగిలినవి జిరాక్సు కాపీలు. ఆ రోజుల్లో నేను నా తలరాత అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

ఇన్నేళ్లకు నాకు అర్థమైంది ఒకటే. పరాయి దేశం మన చదువును గుర్తించడం లేదని మనం బాధపడతాం. నిజానికి చాలామంది నర్సుల గుర్తింపు విమానం ఎక్కకముందే, ఇక్కడే పోతోంది. కాలేజీ బీరువాలో పోతోంది, ఆస్పత్రి లాకరులో పోతోంది, పెళ్లి పీటల మీద పోతోంది. అక్కడివాళ్లు దాన్ని కనిపెట్టి చెబుతారు, అంతే.

గుర్తింపు ఎలా జరుగుతుందో కాస్త వివరంగా చూద్దాం. మన దేశంలో జీఎన్ఎం గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ పాసైన అమ్మాయి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టరు కావాలి. వీటన్నిటి మీద ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 1947 చట్టం ప్రకారం ఏర్పడింది. ఆ చట్టం స్థానంలో పార్లమెంటు 2023లో నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. ఇతర దేశాలవాళ్లు మొదట అడిగేది ఈ రిజిస్ట్రేషన్నే. రెండేళ్ల ఏఎన్ఎం చదివిన అక్కలు పల్లెల్లో ఎంత పెద్ద పని చేస్తున్నా, ఆ చదువుతో బ్రిటన్‌లోనో అమెరికాలోనో రిజిస్టర్డ్ నర్సు కాలేరు. ఈ మాట వాళ్లకు చెప్పకుండా డబ్బు తీసుకునే ఏజెంట్లున్నారు.

తర్వాత ఒక్కో దేశానిది ఒక్కో దారి. బ్రిటన్‌లో 2014 నుంచి పరీక్ష రెండు భాగాలు. కంప్యూటర్ మీద రాసేది మన దేశంలోనే రాయవచ్చు. చేతులతో పని చేసి చూపించే పరీక్ష అక్కడికి వెళ్లాక ఉంటుంది. వీటితోపాటు ఐఇఎల్‌టిఎస్‌లో చదవడం, వినడం, మాట్లాడడం ఒక్కోదానిలో 7, రాయడంలో 6.5 రావాలి, లేదా ఓఇటి పాస్ కావాలి. అమెరికాలో ఏ రాష్ట్రంలో పనిచేయాలంటే ఆ రాష్ట్ర బోర్డు అనుమతి, ఎన్‌క్లెక్స్ పరీక్ష కావాలి. ఎన్‌క్లెక్స్ హైదరాబాదులోనే రాయవచ్చు. 1996లో చేసిన చట్టం ప్రకారం వీసాకు ముందు చదువునూ భాషనూ తనిఖీ చేసిన సర్టిఫికెట్ ఉండాలి. ఇవన్నీ దాటినా, మన దేశంలో పుట్టినవాళ్లకు గ్రీన్‌కార్డు వరస పదేళ్లకు పైగా వెనక ఉంది. ఆస్ట్రేలియా 2020లో పాత పద్ధతి మార్చి, ఎన్‌క్లెక్స్ తర్వాత అడిలైడ్‌లో చేతి పని పరీక్ష పెట్టింది. జర్మనీలో జర్మన్ భాష బి2 స్థాయి దాకా నేర్చుకోవాలి. మన చదువులో వాళ్లకు తక్కువనిపించిన అంశాల మీద అక్కడే శిక్షణో పరీక్షో ఉంటుంది. అది అయ్యేదాకా సహాయకురాలిగానే పని. గల్ఫ్ దేశాల్లో కంప్యూటర్ పరీక్షతోపాటు, మన ప్రతి సర్టిఫికెట్‌నూ ఇచ్చిన సంస్థనే అడిగి నిర్ధారించుకుంటారు.

పరీక్షల సంగతికి నాకు భయం లేదు. మన పిల్లలు చదువుతారు, పాసవుతారు. చిక్కంతా కాగితాల దగ్గర. మార్కుల జాబితా ఒక్కటీ చాలదు. ఏ సబ్జెక్టు ఎన్ని గంటలు చదివింది, ఏ వార్డులో ఎన్ని గంటలు పనిచేసింది అని ట్రాన్స్‌క్రిప్ట్ కావాలి. పిల్లల వార్డు, ప్రసూతి, మానసిక వైద్యం వేరువేరుగా చూపాలి. అది చాలాసార్లు కాలేజీ నుంచి, రిజిస్ట్రేషన్ నిర్ధారణ కౌన్సిల్ నుంచి, నేరుగా అక్కడికి వెళ్లాలి. అంటే నా చదువు నాదే అయినా, అది నాదేనని ఇంకొకరు సంతకం పెట్టి పంపాలి. ఆ ఇంకొకరికి తీరిక లేకపోతే నా చదువు లేనట్టే. కాలేజీ మూతపడితే ఎవరిని అడగాలి? ఇంగ్లీషు పరీక్ష ఫలితం రెండేళ్లే చెల్లుతుంది. కాలేజీ గుమాస్తా జాప్యానికి అలాంటి గడువేమీ లేదు.

మా సందులో హాస్టల్లో ఉన్న ఒక అమ్మాయి సంగతి చెబుతాను. ఖమ్మం వైపు నుంచి వచ్చింది. జీఎన్ఎం చదివి నారాయణగూడ దగ్గర ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఐదేళ్లు పనిచేసింది. ఐఇఎల్‌టిఎస్ రెండోసారికి పాసైంది. కాగితాలు పంపింది. తిరిగొచ్చిన జవాబు: ఈ కాగితాల్లో ఉన్నది ఒకే మనిషా? పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది. డిప్లొమాలో పూర్తిగా ఉంది. పాస్‌పోర్టులో అత్తింటి ఇంటిపేరు. ఆధార్‌లో ఇంటిపేరు చివరికి వెళ్లింది. నాలుగు కాగితాల్లో నలుగురు మనుషులు. ఆ నలుగురూ ఒక్కరేనని రుజువు చేసుకోవడానికి నోటరీ చుట్టూ, కౌన్సిల్ చుట్టూ, కాలేజీ చుట్టూ పదకొండు నెలలు తిరిగింది. పదకొండో నెలలో ఇంగ్లీషు ఫలితం గడువు తీరింది.

"సిస్టర్, పెళ్లిలో మా అత్తగారు ఇంటిపేరు మార్చాలి అంటే అది పేరే కదా అనుకున్నాను" అంది. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. పెళ్లయితే ఆడదాని ఇంటిపేరు మారాలని ఏ చట్టంలోనూ లేదు. 2016 డిసెంబరులో పాస్‌పోర్టు నియమాలు సడలించినప్పుడు పెళ్లి సర్టిఫికెట్ కూడా అవసరం లేదన్నారు. అదే ఆస్పత్రిలో పనిచేసే మగ నర్సుకు ఈ చిక్కు రాదు. పుట్టిన పేరుతోనే చదివాడు, ఆ పేరుతోనే పెళ్లి చేసుకున్నాడు, ఆ పేరుతోనే విమానం ఎక్కుతాడు. ఇంటిపేరు గురించి మనం స్త్రీవాద సభల్లో ఎన్నోసార్లు చర్చించాం. అది ఆత్మగౌరవ సమస్య అన్నాం. అది జీతం సమస్య కూడా.

ఇక సర్టిఫికెట్లు ఆపడం. 2011లో ముంబాయి, ఢిల్లీ, ఆ తర్వాత కేరళ ప్రైవేటు ఆస్పత్రుల నర్సులు సమ్మె చేసినప్పుడు, బాండ్లు పోవాలి, మా సర్టిఫికెట్లు మాకివ్వాలి అన్నవి ముఖ్యమైన కోరికలు. ఆ పోరాటాల వల్ల మార్పు వచ్చింది, కాదనను. కానీ ఇప్పుడు పద్ధతి మారింది. ఒరిజినల్ తీసుకోరు, అనుభవ పత్రం ఇవ్వరు. ఇచ్చినా ఐదేళ్లు ఐసీయూలో చేసినదానికి "మా సంస్థలో పనిచేశారు" అని ఒక్క వాక్యం రాస్తారు. పరాయి దేశం దాన్ని చూసి అనుభవం లేదంటుంది.

మరో రకం స్త్రీలు మన లెక్కలోకే రారు. సాఫ్ట్‌వేరు భర్త వెంట అమెరికా వెళ్లిన నర్సులు. తెలుగు కుటుంబాల్లో వీళ్లు తక్కువమంది కాదు. హెచ్4 వీసా మీద వెళ్లిన భార్యకు ఉద్యోగం చేసే హక్కు లేదు. 2015 మే నుంచి, భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితే భార్యకు అనుమతి దొరుకుతోంది. ఆ లోపల ఐదారేళ్లు ఇంట్లో గడిస్తే, ఈమధ్య ఎక్కడ పనిచేశావని అడుగుతారు. చేతిలో డిగ్రీ ఉంటుంది, పని మాత్రం ఆగిపోయి ఉంటుంది. సంబంధం చూసేటప్పుడు అబ్బాయి జీతం అడుగుతాం. అమ్మాయి చదువు అక్కడ చెల్లుతుందా, చెల్లాలంటే ఏం చేయాలి అని ఎవరమూ అడగం.

ఏజెంట్ల గురించి కూడా చెప్పాలి. 2015లో కొచ్చిలో ఒక సంస్థ మీద సీబీఐ కేసు పెట్టింది. కువైట్ ఉద్యోగాలకు 19,500 రూపాయలు తీసుకోవలసిన చోట నర్సుల దగ్గర 19 లక్షలకు పైగా వసూలు చేశారన్నది అభియోగం. ఆ ఏడాదే కేంద్రం గల్ఫ్‌తో సహా 18 దేశాలకు నర్సుల నియామకాలు ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలని నిర్ణయించింది. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అలాంటివి. టామ్‌కామ్ ఆఫీసు మల్లేపల్లి ఐటీఐ ఆవరణలో ఉంది. ఇక్కడినుంచి బస్సు దూరం. అయినా మన పిల్లలు ముందు ఏజెంటు దగ్గరికే వెళ్తారు. ఎందుకంటే ఏజెంటు హాస్టలు గేటు దగ్గరికే వస్తాడు. రిజిస్టరైన ఏజెంటు అయినా చట్టప్రకారం తీసుకోదగినది 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ మాత్రమే. ఈ అంకె ప్రతి హాస్టలు గోడ మీదా రాయాలి.

బ్రిటన్ 2022 ఫిబ్రవరిలో వృద్ధుల సంరక్షణ పనివాళ్లకు వీసాలు తెరిచింది. నర్సు పరీక్షలు కష్టం, ముందు కేరర్‌గా వెళ్లు, అక్కడికి వెళ్లాక నర్సువి కావచ్చు అని మన పిల్లలను లక్షలు తీసుకుని పంపారు. 2024 మార్చి నుంచి వాళ్లు కుటుంబాన్ని తీసుకెళ్లే వీలు పోయింది. 2025 జులైలో ఆ దారి కొత్తవాళ్లకు పూర్తిగా మూసేశారు. కేరర్‌గా చేసిన పని గౌరవమైన పనే. అయితే అది నర్సు రిజిస్ట్రేషన్ కాదు. ఆ తేడా ముందే చెప్పకపోవడం మోసం.

"నర్సులందరూ వెళ్లిపోతే మన ఆస్పత్రుల గతి ఏమిటి?" అని మనవాళ్లే అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2010లో ఈ నియామకాల మీద నీతి నియమావళి చేసింది. కానీ జవాబు అమ్మాయి సర్టిఫికెట్ ఆపడం కాదు, జీతం ఇవ్వడం. 2016లో సుప్రీంకోర్టు చెప్పిన మీదట వేసిన కమిటీ, చిన్న ప్రైవేటు ఆస్పత్రిలో అయినా నర్సుకు నెలకు 20,000కు తగ్గకూడదనీ, 200 పడకలు దాటిన ఆస్పత్రుల్లో ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలనీ సిఫారసు చేసింది. అది మన చుట్టుపక్కల ఎన్ని ఆస్పత్రుల్లో అమలవుతోందో, ఈ సభ అయ్యాక ఏ హాస్టలుకైనా వెళ్లి అడగండి. ఉండాలో వెళ్లాలో ఆమె తేల్చుకుంటుంది. ఏది తేల్చుకున్నా కాగితాలు ఆమె చేతిలో ఉండాలి.

ఈ గుర్తింపు గొడవ మన పేటకు కొత్త కాదు. నారాయణగూడలోని మాడపాటి హనుమంతరావు బాలికల పాఠశాల 1928లో మొదలైంది. తెలుగులో చదువు చెప్పే బడి కనుక ఉస్మానియా గుర్తింపు దొరకలేదు. అప్పుడు పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయం ద్వారా ఆ బాలికలను పరీక్షలకు పంపారు. సొంత ఊరు గుర్తించని ఆడపిల్లల చదువును దూరపు ఊరు గుర్తించింది. ఆ పని ఒంటరిగా ఏ అమ్మాయీ చేసుకోలేదు. వెనక ఒక సంఘం నిలబడింది.

మనం కూడా అలా నిలబడాలి. నా ప్రతిపాదనలు నాలుగు. ఒకటి, చదువు పూర్తయిన రోజునే ట్రాన్స్‌క్రిప్ట్ ఇవ్వాలని, అడిగిన నర్సుకు నిర్ధారణ ఇన్ని రోజుల్లో పంపాలని గడువు పెట్టించాలి. రెండు, ఉద్యోగం మానిన నర్సుకు ఏ వార్డులో ఎంతకాలం చేసిందో రాసిన అనుభవ పత్రం హక్కుగా రావాలి. మూడు, పెళ్లయినా చదువు కాగితాల్లోని పేరే ఉంచుకొమ్మని ప్రతి నర్సింగ్ విద్యార్థినికీ, వాళ్ల తల్లులకూ చెప్పాలి. నాలుగు, నెలకొక ఆదివారం మన సంఘం ఆఫీసులో కాగితాలు చూసిపెట్టే బల్ల ఒకటి వేయాలి. ఆ బల్ల దగ్గర నేను కూర్చుంటాను.

నా డిప్లొమా చివరికి 1996లో నా చేతికి వచ్చింది. అప్పటికి దాని అవసరం తీరిపోయింది. మా సందులోని అమ్మాయి మళ్లీ పరీక్షకు చదువుతోంది. ఈసారి ఆమె కాగితాలు అవసరం తీరకముందే ఆమె చేతికి రావాలి.