బేరాలు మందగించిన వేళ

(షోలాపురం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది పచ్చడి తిన్న నోటితో వ్యాపారంలోని చేదును గురించి నాలుగు మాటలు చెప్పవలసినదిగా కార్యవర్గంవారు మమ్ము కోరినారు. మేము పండితులము కాము. ఊరికి తూర్పువైపున దుప్పట్లు, తువ్వాళ్ళు అమ్ముకొనేవారము.

బేరాలు పడిపోవడం మనకు కొత్త కాదు. పెద్దలు తెలంగాణా పల్లెలనుండి నేతపనిని నమ్ముకొని ఇచ్చటకు వచ్చిన నాటినుండి నూలు ధర ఆడించినట్లే ఆడుచున్నాము. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయినప్పుడు పెళ్ళిళ్ళ కాలమంతా చిల్లర వెతుక్కోవడంతోనే గడచినది. 2020లో శార్వరి ఉగాదీ, దేశమంతటి లాక్‌డౌనూ ఒకే రోజున, మార్చి 25న వచ్చినవి. వేసవి పెళ్ళిళ్ళకని తెచ్చిన సరుకు మడత విప్పకుండానే ఉండిపోయినది.

అట్టి రోజుల్లో దుకాణదారునికి పట్టే మొదటి జబ్బు నిట్టూర్పు. గిరాకీ మెట్టెక్కకముందే "ఏం బేరాలండీ, ఈగలు తోలుకొంటున్నాము" అని అందుకొంటాడు. వినేవారు ఏమనుకొంటారు? సరుకు ఎన్నాళ్ళ పాతదో అనుకొంటారు. లేదా వీడు అవసరంలో ఉన్నాడు, సగానికి అడగవచ్చుననుకొంటారు. అంతకంటె పెద్ద సంగతి ఒకటున్నది. మన ఊళ్ళో నేసేవారూ కొనేవారూ వేరు కారు. మిల్లులో షిఫ్టు తగ్గితే కూలి తగ్గుతుంది. ఇల్లాలు బీడీలు చుట్టి తెచ్చిన డబ్బుతోనే పిల్ల పెళ్ళికి బట్టలు కొనవలెను. ఆ తల్లి మన గడప తొక్కేముందు ఇంట్లో నాలుగుసార్లు లెక్క వేసుకొని ఉంటుంది. ఆమెకా మన నష్టాలు చెప్పుకోవడం?

మా పద్ధతి ఇది. ముందు కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తాము. తెలుగువారిని తెలుగులో, పంఢరపురం వైపువారిని మరాఠీలో, సరిహద్దు ఆవలివారిని కన్నడంలో కుశలమడుగుతాము. ఈ మూడు భాషలూ పైసా ఖర్చు లేకుండా ఈ ఊరు మనకిచ్చిన పెట్టుబడి! తరువాత "ఎంతలో చూపమంటారు?" అని మెల్లగా అడిగి, చెప్పిన మొత్తానికి లోపలే సరుకు తీస్తాము. జకార్డు దుప్పటి అందకపోతే తువ్వాలు. పెళ్ళి కట్నాలకు తువ్వాలు, టోపీ పెట్టే ఆచారం ఇక్కడ ఎంత గడ్డు ఏటనైనా ఆగదు. చిన్న బేరమని గుమాస్తా మొగం ముడిచినాడా, వచ్చే ఏటి పెద్ద బేరం పక్క దుకాణానికి పోయినట్లే.

నవ్వు మొగమంటే అబద్ధం కాదు. వేరే చోట నేసి, నూలుకు బదులు కృత్రిమపు దారం కలిపిన చౌక దుప్పటిని షోలాపురం పేరుతో అంటగట్టవలెనన్న ఆశ గడ్డు కాలంలోనే పుడుతుంది. కొన్నవారు రెండు ఉతుకులలో కనిపెడతారు. షోలాపురం దుప్పటికి భౌగోళిక గుర్తింపు ఉన్నది. ఆ పేరు ఏ ఒక్క దుకాణదారుని సొత్తూ కాదు, ఎందరో మగ్గంవారి కూలి దానిపై ఆధారపడినది. చౌక రకమైతే చౌక రకమనే చెప్పి అమ్ముదాము. చెప్పినా కొంటారు, ఇది మా అనుభవం.

ఇక అరువు. చిట్టా ఆవర్జాలు తిరగవేస్తే గుండె జారుతుంది, నిజమే. కాని బాకీదారు మనను చూసి వీధి మారి పోయేటట్లు చేసుకొంటే బాకీతోపాటు మనిషీ పోతాడు. "ఉన్నంత ఇవ్వండి, మిగిలినది శ్రావణంలో చూద్దాము" అని, ఆ మాట ఆవర్జాలో వ్రాసుకొంటాము. కొత్త అరువు మాత్రం నవ్వుతూనే వద్దంటాము. నూలు షావుకారు మన నవ్వు చూసి ఆగడు కదా!

గల్లాపెట్టె తేలికైన దిగులు దుకాణం కట్టేసిన తరువాత అన్నదమ్ములు కూర్చుండి మాట్లాడుకొనవలసినది. ఏ రకం ఆపవలెనో, ఏది తక్కువ తెప్పించవలెనో తలుపు వేసుకొని తేల్చుకొందాము.

మన ఉగాదే వీరి గుడీ పాడవా. పండుగకు చుట్టాలిళ్ళకు వచ్చినవారు తిరుగు బండి ఎక్కేముందు రేపు బజారుకు వస్తారు. పెందలాడే దుకాణం తీసి, నీళ్ళు చల్లి, తువ్వాళ్ళు దులిపి ముందు వరుసకు తెచ్చి పెట్టుకొనండి.