కేంద్రంలో సంకీర్ణ ప్రభుత్వం: అందులో రైతు వాటా ఎంత?

(మండల రైతు మహాసభలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పత్తి తీత వదులుకుని వచ్చారు, కూలి నష్టపోయి వచ్చారు. అందుకని ఉపోద్ఘాతం లేకుండా లెక్కలోకే వెళ్దాం. రైతుకు లెక్క తెలియదనుకునేవాళ్లు ఢిల్లీలో చాలామంది ఉన్నారు.

2024 ఎన్నికల్లో బీజేపీకి వచ్చినవి 240 సీట్లు. ప్రభుత్వానికి కావాల్సినవి 272. మిత్రపక్షాలన్నీ కలిస్తే 293 అయ్యాయి. అందులో తెలుగుదేశానివి 16, బీహార్‌లోని జనతాదళ్ యునైటెడ్‌వి 12. అప్పుడు మన ఊళ్లలో టీ కొట్టు దగ్గర ఏమనుకున్నాం? కేంద్రం తాళం చెవి మన చేతిలోనే ఉందనుకున్నాం. సంఘం పెద్దలం మేమూ అలాగే అనుకున్నాం, దాచుకోవాల్సిన పనేముంది. కానీ కూడికలు, తీసివేతలు చేసి చూడండి. 293లోంచి 16 తీసేస్తే 277, ప్రభుత్వం నిలబడుతుంది. 12 ఒక్కటే తీసేసినా 281, అప్పుడూ నిలబడుతుంది. రెండూ ఒకేసారి పోతేనే 265కి పడిపోతుంది. అంటే తాళం చెవి సగం మన దగ్గర ఉంటే, సగం పాట్నాలో ఉంది. ఆ రెండు సగాలను కలిపి రైతు కోసం ఒక్కసారైనా తిప్పారా అన్నదే మనం అడగాల్సిన ప్రశ్న.

జూన్ 9న ప్రమాణ స్వీకారం జరిగింది. ప్రధానితో కలిపి 72 మంది. మిత్రపక్షాలకు దక్కినవి 11 పదవులు. మనవాళ్లకు పౌర విమానయానం వచ్చింది, గ్రామీణాభివృద్ధిలో సహాయ మంత్రి పదవి వచ్చింది. విమానాశ్రయాలు వద్దని మేం అనం. కానీ రైతుకు రావాల్సిన ధర ఎక్కడ తేలుతుందో చూడండి. మద్దతు ధర వ్యవసాయ శాఖలో, ఎరువుల సబ్సిడీ ఎరువుల శాఖలో, బియ్యం ఎగుమతి చేయాలా ఆపాలా అన్నది ఆహార, వాణిజ్య శాఖల్లో, పత్తి సంగతి జౌళి శాఖలో, నీళ్లు జలశక్తిలో. ఇవన్నీ పెద్ద పార్టీ తన దగ్గరే ఉంచుకుంది. వ్యవసాయ శాఖలో ఒక సహాయ మంత్రి పదవి బీహార్ మిత్రులకు ఇచ్చారు, ఆహార శుద్ధి శాఖను ఇంకో బీహార్ పార్టీకి ఇచ్చారు. అంతే. చరణ్ సింగ్ మనవడికి కూడా నైపుణ్యాభివృద్ధి శాఖ ఇచ్చారు గానీ సాగు శాఖ ఇవ్వలేదు. అదే ఏడాది ఫిబ్రవరిలో చరణ్ సింగ్‌కూ, స్వామినాథన్‌కూ ఒకేరోజు భారతరత్న ప్రకటించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. స్వామినాథన్‌కు బిరుదు ఇచ్చారు, ఆయన అడిగిన ధర మాత్రం ఇవ్వలేదు.

సీట్లు ఎక్కువుంటే పని అవుతుందనే మాట మేం ఒప్పుకోం. వెనక్కి చూడండి. 1989లో ఎన్టీఆర్ నేషనల్ ఫ్రంట్ చైర్మన్‌గా ఉన్నారు, కానీ మన రాష్ట్రంలో ఆయన పార్టీ గెలిచింది రెండే లోక్‌సభ సీట్లు. అయినా ఆ ప్రభుత్వం పదివేల రూపాయల దాకా రైతు బాకీ మాఫీ చేసింది. ఎందుకు? ఓట్లకు ముందే ఆ మాట రాసి పెట్టుకున్నారు, పైగా దేవీలాల్ వ్యవసాయ మంత్రిగా కూర్చున్నారు. పదేళ్ల తర్వాత, 1999లో, తెలుగుదేశానికి 29 సీట్లు. వాజపేయి ప్రభుత్వానికి బయటి నుంచి మద్దతు. ఆ కాలంలోనే, 2001 ఏప్రిల్ 1 నాటికి, దిగుమతుల మీద పరిమాణ ఆంక్షలన్నీ ఎత్తేశారు. డబ్ల్యూటీఓలో అమెరికా వేసిన కేసు ఓడిపోయాం కాబట్టి తప్పలేదన్నారు. ఓడిపోయిన మాట నిజమే. కానీ సుంకం పెంచి అడ్డుకునే హక్కు అప్పుడూ ఉంది. 29 మంది వెనక నిలబడి ఉన్నప్పుడు మన వేరుశనగ రైతు, మన కొబ్బరి రైతు గురించి గట్టిగా పట్టుబట్టాల్సింది.

2004 సంగతి వేరు. అప్పుడు కాంగ్రెస్‌కు 145 సీట్లే. వామపక్షాలు బయటి నుంచి నిలబెట్టాయి. మద్దతు ఇచ్చేముందు కనీస ఉమ్మడి కార్యక్రమం అని ఒక కాగితం రాయించారు. అందులో ఏడాదికి వంద రోజుల పని అని ఉంది, గ్రామీణ రుణాలు పెంచుతామని ఉంది. ఆ కాగితం చేతిలో ఉండబట్టే ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న దాన్ని మొదలుపెట్టింది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. అదే ప్రభుత్వం వేసిన స్వామినాథన్ కమిషన్ సాగు ఖర్చు మీద సగం కలిపి ధర ఇవ్వమంటే మాత్రం పక్కన పెట్టేసింది. కాబట్టి కాగితం ఉంటే అన్నీ వస్తాయని మేం చెప్పడం లేదు. కాగితం లేకపోతే అడగడానికి ఆధారమే ఉండదంటున్నాం. 2024లో అలాంటి ఉమ్మడి కార్యక్రమం ఏదీ జనం ముందు పెట్టలేదు.

మరి ఈసారి ఏమడిగారు? అమరావతికి 15,000 కోట్లు బడ్జెట్‌లో చెప్పించారు. పోలవరం పూర్తికి హామీ తీసుకున్నారు, అది రైతు పనే, సంతోషం. బీహార్‌వాళ్లు మఖానా బోర్డు తెచ్చుకున్నారు. ఒక పంట పేరు పెట్టి అడిగారు, వచ్చింది. ఇది గుర్తుపెట్టుకోండి.

మన మిర్చి కథ చూడండి. అంతకుముందు క్వింటా ఇరవై వేలు చూసిన కళ్లతోనే 2025 మొదట్లో పదివేలు చూశాం. టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి బాండు మీద అప్పు తెచ్చుకున్నవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. గొడవైంది, మనం రోడ్డెక్కాం, రాష్ట్రం ఢిల్లీకి వెళ్లి అడిగింది. మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం 11,781 రూపాయలు ప్రకటించింది, 2.58 లక్షల టన్నులకు. మిర్చికి మద్దతు ధరే లేదు కాబట్టి ఆ మాత్రం రావడం కూడా మిత్రపక్షం వల్లనే అని వాళ్లు చెప్పుకోవచ్చు. చెప్పుకోనివ్వండి. కానీ ఆ ధరతో కోత కూలీ, కౌలూ పోను ఏం మిగులుతుందో మన ఇళ్లలో ఆడవాళ్లను అడిగితే చెప్తారు.

ఆ ఆగస్టులోనే పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేశారు. మొదట సెప్టెంబర్ 30 దాకా అన్నారు, తర్వాత డిసెంబర్ 31కి పొడిగించారు. సరిగ్గా మన పత్తి ఇంటికొచ్చే నెలలు. తెలంగాణలో ఎనిమిది మంది బీజేపీ ఎంపీలున్నారు, వాళ్లలో ఇద్దరు కేంద్ర మంత్రులు. ఆంధ్రలో కూటమికి 21 మంది. ఈ 29 మందినీ అడగాల్సింది ఒకటే: సుంకం తీసేటప్పుడు మీరు రాసిన ఉత్తరం ఉందా? ఉంటే చూపించండి, మేం ఈ పత్రికలోనే అచ్చేస్తాం. లేకపోతే లేదని కూడా అచ్చేస్తాం.

2020లో మూడు సాగు చట్టాలప్పుడు అకాలీదళ్ మంత్రి రాజీనామా చేసి బయటికొచ్చారు. అప్పుడు బీజేపీకి ఒక్కదానికే 303 ఉన్నాయి, ఆమె పోయినా కుర్చీ కదల్లేదు. ఏడాదికి పైగా ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చున్న రైతులే ఆ చట్టాలను వెనక్కి తీయించారు. ఇప్పుడు 303 లేవు, 240 ఉన్నాయి. అందుకే ఈ మాటలన్నీ ఈ రోజు మాట్లాడుతున్నాం.

వచ్చే నెల పదో తారీకులోగా ప్రతి గ్రామ కమిటీ తమ ఎంపీకి ఒక ఉత్తరం రాయాలి. పత్తి సుంకం, మిర్చికి శాశ్వత ధర ఏర్పాటు, కౌలు రైతుకు కిసాన్ సమ్మాన్. మూడే విషయాలు, ఒకే కాగితం. స్పీడ్ పోస్టులో పంపి రసీదు మండల ఆఫీసులో ఇవ్వండి. జవాబు వచ్చినా, రాకపోయినా తారీకుతో సహా మేం పుస్తకంలో ఎక్కిస్తాం.