వేలంపాటలో ఒక కుండ, మా ఇంటి జాడీ

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడవలసిన వారు మాట్లాడారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం "మీ అమెరికా అనుభవాలు ఓ పది నిమిషాలు చెప్పండి" అన్నారు. నయాగరా జలపాతాన్ని మీరందరూ మీ పిల్లలు పంపిన ఫొటోల్లో చూసే ఉంటారు. దాని జోలికి పోను. అక్కడ నేను చూసిన ఒక వేలంపాట గురించి మనవి చేస్తాను. త్యాగరాయ గానసభకు కూతవేటు దూరంలో ఇన్నేళ్ళు కాపురముండి కూడా నేను జన్మకి పాడిన పాట వేలంపాట ఒక్కటే అని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది.

వేలం నాకు కొత్త కాదు. 1972లో ఎల్.డి.సి.గా చేరి 2008లో సూపరింటెండెంటుగా దిగిపోయే దాకా, ఏ సెక్షనులో ఉన్నా పనికిరాని సామాను ఫైలు నా బల్ల మీదికే వచ్చేది. విరిగిన కుర్చీలు, మూలపడ్డ టైపు మిషన్లు, తుప్పు పట్టిన బీరువాలు. జాబితా రాయడం, కండెమ్ చేయించడం, కనీస ధర కట్టడం, ధరావతు తీసుకోవడం, "ఒకటోసారి, రెండోసారి" అనిపించడం, హెచ్చు పాటదారు చేత సంతకం పెట్టించడం. పాటకు వచ్చేవాళ్ళు బయట టీ బడ్డీ దగ్గరే కూడబలుక్కుని వచ్చేవారు. ఒకడు పాడితే మిగతావాళ్ళు గోడ వంక చూసేవారు. ఈ సంగతి మీకు నేను చెప్పాలా! జుమ్మేరాత్ బజారులో కూడా తిరిగినవాణ్ణే. అయితే నేను వస్తువుకు ధర చూశాను గాని వస్తువును చూడలేదని ఒహాయో వెళ్ళాక గాని తెలియలేదు.

2011లో అమ్మాయి దగ్గర సిన్సినాటిలో ఆర్నెల్లున్నాము. పగలు ఎవరూ ఇంట్లో ఉండరు, నడిచి వెళ్ళడానికి కొట్టు కనబడదు. నా అవస్థ చూసి మా అల్లుడు, "మామయ్యగారూ, మీకు వేలం అంటే సరదా కదా, పదండి" అని ఒక శుక్రవారం సాయంత్రం తీసుకువెళ్ళాడు. మర్నాడు పాట. ముందురోజు సరుకు చూసుకోవచ్చు. బల్లల నిండా పూలకుండీలు, కూజాలు, చిన్న చిన్న పాత్రలు. అన్నీ మట్టివే, పైన మెరుగు పూత. వచ్చినవాళ్ళలో సగంమంది నా వయసు వాళ్ళు. ఒక్కరూ పైన వేసిన పువ్వును చూడటం లేదు. ప్రతివాడూ కుండను బోర్లించి అడుగు చూస్తున్నాడు. వీళ్ళకేమైనా వెర్రా అనుకున్నాను.

నా పక్కనున్న ముసలాయన జాలిపడి ఒక కుండ తిరగేసి చూపించాడు. అది రూక్‌వుడ్ అనే ఆ ఊరి కార్ఖానాది. 1880లో మరియా లాంగ్‌వర్త్ నికొల్స్ అనే ఆవిడ పెట్టింది. మొదటి భవనం ఒక పాత బడి. వాళ్ళ నాన్నగారు దాన్ని షెరీఫ్ వేలంలో పాడి కొని కూతురికిచ్చారట. అడుగున తిరగబడ్డ ఆర్, దాని వీపుకు ఆనుకుని పి. ఈ ముద్ర 1886లో మొదలైంది. మర్నాటి ఏడు నుంచి ఏటా దాని చుట్టూ ఒక్కొక్క మంట చేర్చారు. 1900 నాటికి పద్నాలుగు మంటలు. అక్కడితో జాగా నిండింది. 1901 నుంచి మంటల కింద రోమను అంకె. అంటే కింద పదకొండు ఉంటే 1911 అన్నమాట. దాని పక్కన ఆకారం నంబరు, సైజుకి ఒక అక్షరం, బొమ్మ వేసినవారి పొడి అక్షరాలు. 1887లో జపాను నుంచి వచ్చి చేరిన షిరాయమదాని అనే చిత్రకారుడైతే తన లిపిలోనే సంతకం చేసేవాడు.

మిత్రులారా, అది కుండ అడుగు కాదు, సర్వీసు రిజిస్టరు! ఇంకో విషయం వింటే మీరు ఆశ్చర్యపోతారు. కాల్పులో తేడా వచ్చిన కుండను వాళ్ళు పారేయకుండా, అడుగున ఇంటూ గుర్తు గీసి రెండో రకంగా అమ్మేవారు. తన తప్పును తానే రికార్డు చేసిన కార్ఖానా! నా సర్వీసులో అలాంటి నోట్‌ఫైలు ఒక్కటి చూసినట్టు గుర్తు లేదు.

న్యూ ఆర్లీన్స్‌లో న్యూకూంబ్ అనే ఆడపిల్లల కాలేజీ ఉండేది. అక్కడ 1895 నుంచి 1940 దాకా కుండలు చేశారు. బొమ్మ వేసిన అమ్మాయి గుర్తుతో పాటు, సారె మీద కుండ తీసిన జోసెఫ్ మేయర్ పొడి అక్షరాలు కూడా అడుగున ఉండేవి. సారె తిప్పినవాడికి కూడా పేరుంది. ఈ ముక్క దగ్గర నేను కాసేపు ఆగిపోయాను.

అక్కడా మోసాలు లేకపోలేదు. ఒహాయోలోనే రోజ్‌విల్ అని ఇంకో కంపెనీ, 1954లో మూతపడింది. 1990లలో దానికి చైనా నకళ్ళు వచ్చిపడ్డాయి. నకళ్ళలో చాలావాటికి పేరు కింద 'యు.ఎస్.ఏ.' అన్న ముక్క ఉండదు. అలాగని ఆ ముక్క లేనివన్నీ నకళ్ళు కావు, పాత అసళ్ళలోనూ కొన్నిటికి లేదు. అతికించిన పగుళ్ళు పట్టడానికి నీలి దీపం వేసి చూస్తారు. ముసలాయన మాత్రం వేలు మడిచి కుండను తట్టి చెవి పెట్టాడు. ఖంగుమంటే మంచిది, బొద్దుగా పలికితే బీట. నాకు నవ్వొచ్చింది. మా అమ్మ కుమ్మరి దగ్గర కుండ కొనేటప్పుడు చేసే పనే అది.

మర్నాడు పాట. నాకొక నంబరు అట్ట ఇచ్చారు. పాట ముగిసిన ధర మీద కొన్నవాడు కమీషను కూడా కట్టాలి, అది మా ఆఫీసు వేలాల్లో నేను చూడని పద్ధతి. బొమ్మలున్నవి వేల డాలర్లు పలికాయి. బొమ్మ లేని జానెడు నీలం కుండీ ఒకటి, అడుగున ఇంటూ గుర్తున్నది, తొంభై డాలర్లకు నాకు వచ్చింది. అట్ట పైకెత్తిన చెయ్యి దింపడం మరిచిపోతే మా అల్లుడు దింపాడు. లేకపోతే నా మీద నేనే పాడేవాణ్ణి.

ఇంటికొచ్చి మా ఆవిడకు అంతా చదివి వినిపించాను. 1925లో చేసింది, ఫలానా ఆకారం, ఫలానా సైజు అని. ఆవిడ కుండీని అటూ ఇటూ తిప్పి, "బాగానే ఉంది. అత్తయ్యగారి జాడీ ఎవరు చేశారండీ?" అంది.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. 2003లో అశోక్‌నగర్‌లో మా పాత ఇల్లు అపార్టుమెంటుకిచ్చాము. ఖాళీ చేసేటప్పుడు సామాను జాబితా నేనే రాశాను, అలవాటు కొద్దీ. గుంటూరు జిల్లా నుంచి మా అమ్మ తెచ్చుకున్న జాడీలు తొమ్మిది. పెద్దదాంట్లో రెండు వందల కాయల ఆవకాయ పట్టేది. పైన తేనెరంగు, కింద తెలుపు. "ఫ్లాటులో ఎక్కడ పెడతాం?" అని తొమ్మిదింటినీ కండెమ్ చేసి పాత సామాన్లవాడికిచ్చాను. పెద్దదొక్కటైనా ఉంచుదామని మా ఆవిడ రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగలేదు. నేను దాన్ని ఒప్పుకోలు అనుకున్నాను.

"అడుగున ఏదో ఉండేది" అంది ఆవిడ ఆ రోజు. "ఏటా ఎండల్లో కడిగి బోర్లించేదాన్ని కదా. గుండ్రంగా ఒక అచ్చు, మధ్యలో ఇంగ్లీషు అక్షరాలు. మీరు చూస్తారేమో అనుకున్నాను."

ఇన్నేళ్ళు ఆ జాడీలో ఊరగాయ తిన్నవాణ్ణి. ఒక్కసారి తిరగేసి చూడలేదు. ఆ అక్షరాలు ఏవో ఇప్పుడు చెప్పగలవారు లేరు. మా అమ్మ 1994లోనే పోయింది.

తిరిగి వచ్చాక జుమ్మేరాత్ బజారుకు నాలుగైదు గురువారాలు వెళ్ళాను. జాడీలు చాలా ఉన్నాయి. ప్రతిదాన్నీ బోర్లించి చూస్తుంటే అమ్మేవాడు "పెద్దాయనా, కొంటారా, జాతకం చూస్తారా?" అన్నాడు. మా అమ్మది దొరకలేదు. దొరుకుతుందని వెళ్ళలేదు కూడా.

పెద్ద జాడీ మూత మాత్రం మిగిలింది. పాత సామాన్లవాడు వచ్చిననాడు అది బాల్కనీలో తులసికుండీ కింద ఉండటంతో బతికిపోయింది. దాన్ని కడిగి, లోపలివైపు అంటించడానికి ఒక చీటీ రాశాను. ఎవరిది, ఏ ఊరిది, ఎన్ని కాయలు పట్టే జాడీది, కొన్నది 1958లో అని. మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివి, "1958 కాదు. పెద్దవదినగారి పెళ్ళికి కొన్నారని అత్తయ్య చెప్పేవారు. అంటే 56" అంది. కొట్టేసి 1956 అని రాశాను. ఆఫీసు పద్ధతి ప్రకారం దిద్దుబాటు పక్కన పొడి సంతకం పెట్టాను. ఆవిడ చేత కూడా పెట్టించాను. ఆ చీటీ అంటించిన మూత, నీలం కుండీ ఇప్పుడు మా ఇంట్లో ఒకే అరలో ఉన్నాయి.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు.