మన పద్దు మనం చూసుకుందాం
(మన సంఘం మహిళా సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ముప్పై మూడేళ్ళు ట్రెజరీలో బిల్లులు పాస్ చేసి రిటైరైనదాన్ని. రూపాయి తేడా వచ్చినా పట్టుకుంటానని ఆఫీసులో పేరు. అటువంటి నేను నా సొంత పద్దు చూసుకోక ఏం తెచ్చుకున్నానో చెప్పడానికే లేచాను.

2021లో ఒక ఉదయం మేడమెట్లు ఎక్కుతుంటే ఆయాసం, దవడ లాగడం, ఒళ్ళంతా చెమట. గ్యాసనుకుని వాము నమిలాను. వంట ముగించి, అందరికీ వడ్డించి, అప్పుడు ఆసుపత్రికి వెళ్ళాను. "మీ బి.పి. ఎంత ఉంటుందమ్మా? షుగరు ఎప్పుడు చూపించుకున్నారు?" అని డాక్టరమ్మ అడిగింది. మావారి బి.పి. చెప్పగలను, షుగరు చెప్పగలను, ఆయన పి.పి.ఓ. నంబరు నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. నాది మాత్రం ఒక్కటీ తెలియదు! ఆనాడు నా బి.పి. 180/100. రక్తనాళం ఒకటి మూసుకుపోయింది. స్టెంటు వేసి బతికించారు.

గుండెజబ్బు మగవారిదే అనుకుంటాం. బహిష్టులు ఆగాక మనకూ ఆ ముప్పు పెరుగుతుంది. కడుపుతో ఉన్నప్పుడు బి.పి. గాని షుగరు గాని వచ్చినవారికి మరింత ఎక్కువ. నాకు రెండో కాన్పులో బి.పి. వచ్చింది. పిల్ల పుట్టాక ఆ మాటే మరిచాను. మీ కూతుళ్ళను, కోడళ్ళను మరవనివ్వకండి.

ఇక, తెలుసుకోవలసిన అంకెలు ఇవి.

ఒకటి, బి.పి. 120/80 లోపు ఉంటే మంచిది. ఆసుపత్రిలో మళ్ళీ మళ్ళీ చూసినా 140/90 గాని, ఆపైన గాని ఉంటే అది రక్తపోటే. అయిదు నిమిషాలు కుదురుగా కూర్చుని, వీపు ఆనించి, పాదాలు నేలకు మోపి చూపించుకోవాలి. అరగంట ముందునుంచీ కాఫీ తాగరాదు.

రెండు, షుగరు. పరగడుపున 100 లోపు ఉండాలి. 126 గాని, ఆపైన గాని రెండుసార్లు వస్తే మధుమేహం. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బిఎ1సి 5.7 లోపు ఉండాలి.

మూడు, కొలెస్ట్రాల్. చెడ్డదైన ఎల్.డి.ఎల్. 100 లోపు, మంచిదైన హెచ్.డి.ఎల్. 50 పైన, ట్రైగ్లిజరైడ్లు 150 లోపు ఉండాలి. నాలాంటివారికి ఎల్.డి.ఎల్. 70 కంటే కిందికి దించాలంటారు. ఎవరి హద్దు ఎంతో వారి డాక్టరే చెప్పాలి.

నాలుగు, నడుము కొలత. దీనికి పైసా ఖర్చు లేదు. ఇంట్లో ఉన్న టైలరు టేపు చాలు. కిందిపక్కటెముకకు, తుంటి ఎముకకు నడుమ, ఊపిరి వదిలాక చూడాలి. మన దేశపు ఆడవారికి 80 సెంటీమీటర్లు, అంటే దాదాపు ముప్పై ఒకటిన్నర అంగుళాలు దాటరాదు. పొట్ట బిగబట్టి కొలిస్తే మోసపోయేది మనమే!

అంకెలు బాగున్నాయని మాత్రలు మీ అంతట మీరు మానవద్దు. మాత్రల వల్లనే బాగుండవచ్చు. ఆయాసం, దవడ నొప్పి, వెన్నునొప్పి, వాంతి, ఎన్నడూ లేని నీరసం హఠాత్తుగా వస్తే వంట సంగతి చూడకండి, 108కి ఫోను చేయండి.

ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడం మనం మరవం. బతికున్నామని సర్కారుకు చెప్పే ఆ రోజుల్లోనే ఈ పరీక్షలూ చేయించుకుని, పాస్‌బుక్కు వెనక అట్టమీద రాసుకుందాం. ఈసారి సమావేశంలో ఎవరి అంకెలు వారు చెప్పాలని నా కోరిక. ముందుగా నావే చెబుతాను.