వావిలాకు - నొప్పుల పరీక్ష



మొన్న విజయవాడ ఆటోనగరులో లారీలకు కమానుకట్టలు బిగించు పనివాడొకడు నన్ను నిలిపెను. దినమెల్ల గొంతుకూర్చుండి పనిచేయుటచే అతని మోకాళ్లు వాచియున్నవి. జేబులో నొప్పిమాత్రలు, ఇంటికి పోగానే తల్లి పెట్టు వావిలాకు కాపడము. "ఈ రెంటిలో దేనిని నమ్మమందురు?" అని యడిగెను. దానికి నేనిచ్చిన సమాధానమే యీ ప్రసంగము.

వావిలి మనకు క్రొత్తది కాదు. సంస్కృతమున నిర్గుండి యందురు. బాలింతల స్నానపు నీళ్లలో దాని యాకు వేసి కాచుట మీరెఱిగినదే. ఇన్ని తరముల యనుభవము గొప్ప సాక్ష్యము. కాని సాక్ష్యము వేఱు, తీర్పు వేఱు. కాపడముతో తగ్గిన నొప్పి ఆకువలన తగ్గినదా, వేడివలన తగ్గినదా, లేక దానంతటదే తగ్గినదా? ఇది తేల్చుటకే పరీక్ష.

పరీక్షకులు ముందుగా చెట్టును నిర్ధారణ చేయింతురు. వావిలిలో మూడాకుల జాతియు, ఐదాకుల జాతియు కలవు గదా. పిమ్మట ఎలుకలను జట్లుగా విడదీసి, ఒక జట్టునకు ఆకుసారము, ఒకదానికి గుణము తెలిసిన మందు, ఒకదానికి వట్టి నీరు ఇత్తురు. సముద్రపు నాచునుండి తీసిన కారజీనన్ అను పదార్థమును పాదమున సూదితో ఎక్కింపగా వాపు పుట్టును. దానిని గంటగంటకు కొలుతురు. ఈ పద్ధతి 1962లో అమెరికాలో వెలువడినది. నొప్పిని కొలుచుటకు ఎలుకను వేడిపలకపై నుంచి, అది ఎన్ని సెకండ్లకు పాదము నాకుకొనునో చూచి, వెంటనే తీసివేయుదురు.

శ్రీలంక శాస్త్రజ్ఞులు ముదిరిన పచ్చి వావిలాకుల నీటిసారము నిట్లే పరీక్షించి 2003లో ఫలితములు ప్రకటించిరి. నొప్పియు వాపును తగ్గినవి. కిలో బరువునకు 2.5 గ్రాముల మోతాదు వాపును అణచెను. వింత యేమనగా, మోతాదు పెంచినకొలది ఆ వాపుపై గుణము తగ్గెను! ఒక గ్రుక్కెడు మంచిదైనచో చెంబెడు మఱింత మంచిదను లెక్క ఇచట చెల్లలేదు.

అయినను ఎలుక మనిషి కాదు. మనుష్యులలో, వైద్యుల పర్యవేక్షణమున, మేలును కీడును రెండును చూచినపిమ్మటనే తీర్పు చెప్పవలెను.

కావున ఆ పనివానితో నిట్లంటిని: "మీ యమ్మ కాపడము మానవలదు, చర్మము కాలకుండ, పుండుపై పడకుండ చూచుకొనుము. ఎలుకకు పనిచేసినదని ఆకురసము త్రాగవలదు. మాత్రలను అడుగక దినదినము మ్రింగినచో కడుపున పుండ్లు పడును, మూత్రపిండములు చెడును. పేరులేని పొట్లముల చూర్ణములలో స్టెరాయిడ్లు కలిపినవియు ఉండును. వైద్యునికి మోకాలు చూపి, మాత్రల సంగతియు, ఆకు సంగతియు రెండును చెప్పుము."

పెద్దలారా, మీకొక మనవి. మందు చెప్పునపుడు ఏ యాకు, ఎంత, ఎన్నినాళ్లు అన్నది చెప్పుడు. తగ్గినవారితోపాటు తగ్గనివారి సంగతియు దాచక చెప్పుడు. పరీక్షకు మొదటి మెట్టు అదియే. సెలవు.