సాహసయాత్రకు బండి సన్నాహం: కంట్లము కట్టే నేర్పు
(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

పంచాంగ శ్రవణం జరిగిన సభలో మోటారు సైకిలు గురించి మాట్లాడటమేమిటని ఒకరిద్దరు కార్యదర్శిగారిని అడిగారట. న్యాయమైన ప్రశ్నే. కాని బెంగుళూరులో మన తెలుగు ఇళ్లలో జరుగుతున్న సంగతి మీకు తెలియనిది కాదు. వేసవి వచ్చిందంటే పిల్లవాడు లడఖ్ పోతానంటాడు. తండ్రి వద్దంటాడు. తల్లి తిరుపతి వేంకటేశ్వరునికి ముడుపు కడుతుంది. పిల్లవాడు మాత్రం మూడు నెలల జీతం పెట్టి బండికి పెట్టెలూ దీపాలూ బిగిస్తూనే వుంటాడు. ఈ రోజుల్లో ఆడపిల్లలూ బయలుదేరుతున్నారు. వద్దన్నంత మాత్రాన ఆగే కాలం కాదిది. కావున వెళ్లేవారు ఏమి తీసుకొని వెళ్లవలెను, ఎట్లా కట్టుకొని వెళ్లవలెను అన్న విషయం నాలుగు మాటల్లో మనవి చేస్తాను.

మన భాషలో కంట్లము అనే మాట వుంది. ఎద్దు వీపుకు అడ్డంగా వేసి, ఇరుప్రక్కలా వ్రేలాడేటట్లు కట్టే జంట సంచి అది. బండ్లు పోలేని దారుల్లో ఉప్పు, ధాన్యం ఆ విధంగానే ఎద్దుల మీద సాగేవి. ఆ కంట్లము కట్టడంలో ఒక నీతి వున్నది. రెండు ప్రక్కలా బరువు సమంగా వుండాలి. బరువు క్రిందికి దిగి, ఎద్దు కడుపుకు దగ్గరగా వుండాలి. తాడు జారరాదు. ఈ మూడూ తప్పితే ఎద్దు కొండదారిలో కాలు తప్పుతుంది. నేడు మోటారు సైకిలుకు ఇరుప్రక్కలా తగిలించే సంచులను పేనియర్లు అంటున్నారు. అవి మన కంట్లములే. పేరు మారింది గాని నీతి మారలేదు.

ఈ నీతిని నేను పుస్తకం చదివి నేర్చుకోలేదు. క్రింద పడి నేర్చుకున్నాను. కొన్నేళ్ల క్రితం కర్నూలు ప్రక్కనున్న మా వూరినుంచి బెంగుళూరుకు తిరిగి వస్తున్నాను. మా అమ్మ ఇచ్చిన ఆవకాయ జాడీ, బియ్యపు మూట, వేరుశనగకాయల సంచి, ఇవన్నీ వెనుక సీటు మీద ఒకదానిపై ఒకటి పేర్చి, వానకు తడవకుండా పైన పట్టా కప్పాను. చివర కొక్కెములున్న రబ్బరు తాళ్లతో, దుకాణాల్లో బంజీ అంటారే, వాటితో బిగించాను. ముందు భాగాన నాలుగు పెద్ద దీపాలు కూడా బిగించుకొని వున్నాను సుమండీ! అనంతపురం దాటి పెనుకొండ వైపు వస్తూండగా ఒక కొక్కెం వూడింది. పట్టా జారి, తాడు వెనుక చక్రంలో చుట్టుకున్నది. చక్రం బిగుసుకుపోయింది. తరువాత నాకు తెలిసినది రోడ్డు ప్రక్కన కంకర మాత్రమే. తలకు హెల్మెట్టు, చేతులకు గ్లౌజులు వుండబట్టి ఈనాడు మీ ముందు నిలబడ్డాను. మోకాళ్లకు ఏమీ లేదు. ఆరు వారాలు మంచం మీద వున్నాను. మా అమ్మ, ఆ జాడీ తానే ఇచ్చాననే బాధతో, ఆ ఏడు ఆవకాయే పెట్టలేదు.

మంచం మీద పడుకొని లెక్క వేసుకున్నాను. దీపాలకు వేలు ఖర్చు చేశాను. మోకాలి తొడుగులకు, గట్టి పట్టీలకు పైసా ఖర్చు చేయలేదు. అంటే అలంకారం మొదట, అవసరం చివర. ఈ వరుసను తలక్రిందులు చేయడమే నేడు నేను చెప్పదలచిన సంగతి. మొదట ఒళ్లు, తరువాత బండి, ఆ తరువాత సామాను, అన్నిటికీ చివర హంగులు.

మొదట ఒళ్లు. హెల్మెట్టు మీద ఐ.యస్.ఐ. ముద్ర చూచి కొనాలి. మన దేశంలో దీనికి ఐ.యస్. 4151 అనే ప్రమాణం వున్నది. హెల్మెట్టు ధరించడం 1988 నాటి మోటారు వాహనాల చట్టం విధించిన నియమం కూడా. వెనుక కూర్చున్నవారికీ అది వర్తిస్తుంది. ఇక జాకెట్టు, ప్యాంటుల్లో భుజాలకు, మోచేతులకు, మోకాళ్లకు కవచపు దిండ్లు వుండాలి. వాటి లోపల ఇ.యన్. 1621 అన్న అంకె, లెవెల్ 1 లేక 2 అన్న గుర్తు వుంటే పరీక్షకు నిలిచినవని అర్థం. చీలమండను కప్పే బూట్లు తప్పనిసరి. ఈ నాలుగూ కొనకముందు బండికి ఒక్క మేకు కూడా బిగించవద్దని నా మనవి.

రెండవది బండి రక్షణ. సాహసయాత్రలో బండి పడదు అనుకోవడం పొరపాటు. ఇసుకలోనో, గులకరాళ్ల వాగులోనో, నిలబెట్టిన చోటనో ఏదో ఒకనాడు పడుతుంది. పడినా మళ్లీ నడవాలి, అంతే. అందుకు మూడు వస్తువులు చాలు. ఇంజను అడుగున రాయి తగలకుండా లోహపు పలక. ఇంజనుకు ఇరుప్రక్కలా గార్డు. క్లచ్చి, బ్రేకు మీటలు విరగకుండా చేతుల ముందు తొడుగు. మీట విరిగితే నిర్జన ప్రదేశంలో బండి అక్కడే ఆగిపోతుంది. నీటితో చల్లబడే ఇంజనయితే రేడియేటరు ముందు జల్లెడ వంటి తడిక కూడా మంచిది. ఈ వస్తువులు కొన్ని బండితోబాటే కంపెనీ ఇస్తుంది. ముందు వున్నవేమిటో చూచుకొని, లేనివే కొనండి.

మూడవది సామాను. అసలు కథ ఇక్కడే వున్నది. బండి పుస్తకంలో మొత్తం ఎంత బరువు మోయగలదో వ్రాసి వుంటుంది. అందులోనుంచి బండి సొంత బరువు తీసివేస్తే మిగిలినది మన వాటా. ఆ వాటాలో నడిపేవాడు, వెనుక మనిషి, బూట్లు, జాకెట్లు, గార్డులు, పెట్టెలు, పెట్టెలు తగిలించే చట్రాలు అన్నీ రావాలి. చాలామంది మరచేది ఈ చివరి రెండింటినే. అల్యూమినియపు పెట్టెల జత, వాటి చట్రము కలిపి సుమారు 15 కిలోలు తూగుతాయి. లోపల ఒక్క చొక్కా పెట్టకముందే అంత బరువు! 2023లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 బండి బరువే 196 కిలోలు. పడిన బండిని సముద్రమట్టానికి 5,000 మీటర్ల ఎత్తున, ఊపిరి ఆడని చోట, ఒంటరిగా లేపవలసి వచ్చినప్పుడు ప్రతి కిలో పది కిలోలుగా తోస్తుంది.

పెట్టెలు మంచివా, సంచులు మంచివా అని యువకులు వాదించుకుంటూ వుంటారు. రెండూ మంచివే, దారినిబట్టి. తారు రోడ్ల మీద దూరం పోయేవారికి, రాత్రి లాడ్జి బయట బండి నిలిపేవారికి తాళమున్న గట్టి పెట్టె సౌకర్యం. వాన లోపలికి రాదు, దొంగ చేయి దూరదు. కాని మట్టి దారుల్లో, వాగుల్లో కాలు దింపి బండిని నెట్టుకుంటూ పోయేటప్పుడు పెట్టె వెనుకనుంచి పిక్కకు తగులుతుంది. పడితే కాలు పెట్టె క్రింద చిక్కి విరిగే ప్రమాదమున్నది. మెత్తని సంచికి ఆ ప్రమాదం తక్కువ, బరువూ తక్కువ, చిరిగితే సూదీదారంతో కుట్టుకోవచ్చు. అయితే సంచి సైలెన్సరుకు తగిలితే కాలిపోతుంది. కనుక ఆ ప్రక్క లోహపు అడ్డు, మధ్య ఖాళీ వుండాలి. ఏదైనా సరే, వెడల్పు హ్యాండిలు వెడల్పు మించకుండా చూచుకోండి. హ్యాండిలు దూరిన సందులో బండి మొత్తం దూరాలి గదా!

వెనుక కొసన బిగించే పెట్టె ఇంటి వాడకానికి మంచిదేగాని, దానిలో బరువు నింపరాదు. వెనుక చక్రపు ఇరుసు దాటి బరువు పెట్టినకొద్దీ ముందు చక్రం తేలికవుతుంది, వేగంలో హ్యాండిలు వణుకుతుంది. అందులో వానకోటు, చేతి గ్లౌజులు, తినుబండారాలు వంటివే పెట్టండి. ఇటువంటి పెట్టెలకు 2020లో ప్రభుత్వం కొలతలు నిర్ణయించింది: పొడవు 550, వెడల్పు 510, ఎత్తు 500 మిల్లీమీటర్లు మించరాదు. వెనుక మనిషి కూర్చునే చోట పెట్టె పెడితే నడిపేవాడొక్కడే ప్రయాణించాలి.

పనిముట్లు, నీళ్లు, విడిభాగాలు వంటి బరువైనవి ప్రక్క సంచుల అడుగున, ముందు వైపుకు. బట్టలు వాటి పైన. దుప్పటి, డేరా వంటి తేలికైనవి సీటు వెనుక అడ్డంగా. కాగితాలు, డబ్బు, మందులు ఒంటిమీద. రెండు ప్రక్కలా సంచులను ఇంట్లోని త్రాసు మీద తూచి సమం చేయండి. అన్నీ కొక్కెములేని, బకిలుతో బిగిసే నైలాను పట్టీలతో కట్టి, మిగిలిన కొసలను లోపలికి దోపండి. ప్రతి విరామంలో ఒకసారి చేత్తో లాగి చూడండి. నా మోకాలికి ఆ ఒక్క అలవాటు చాలి వుండేది.

పెట్రోలు డబ్బా కావాలా అని అడుగుతారు. కూడికలు, గుణకారాలు వేసుకోండి. మనాలినుంచి లేహ్ పోయే దారిలో తాండి వద్ద, తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరమని చెప్పే బోర్డు చాలాకాలంగా యాత్రికులందరికీ పరిచయమైనది. బరువుతో, ఎత్తు మీద లీటరుకు 25 కిలోమీటర్లే వస్తుందనుకోండి. 17 లీటర్ల టాంకీ వున్న బండి 425 కిలోమీటర్లు పోతుంది. డబ్బా లేకపోయినా గట్టెక్కుతుంది. పాత హిమాలయన్ 411కు టాంకీ 15 లీటర్లు. అది 375 దగ్గర ఆగుతుంది. ఆ పది కిలోమీటర్ల మిగులు మీద ప్రాణం పెట్టరాదు గనుక దానికి మూడు లీటర్ల డబ్బా అవసరం. ఒకే దారి, ఒకరికి అవసరమైనది మరొకరికి భారం. ప్రక్కవాడు కట్టాడని మనం కట్టడం తగదు. డబ్బా పెట్రోలు కోసం చేసినదై వుండాలి. నీళ్ల సీసాలో పెట్రోలు పోయడం మృత్యువును వెంట తీసుకుపోవడమే.

పనిముట్లూ అంతే. మీ చక్రంలో ట్యూబు వున్నదా లేదా తెలుసుకోండి. ట్యూబు వుంటే వేరే ట్యూబు, టైరు విప్పే కడ్డీలు, పంపు కావాలి. ట్యూబు లేకపోతే చిల్లి పూడ్చే పట్టీల పెట్టె, పంపు చాలు. వాటితో ఇంట్లో ఒకసారైనా స్వయంగా పంక్చరు వేసుకొనని వానికి అవి వుత్త ఇనుప ముక్కలే.

చివరకు హంగులు. దీపాలు బిగిస్తే రిలే, ఫ్యూజు పెట్టించండి. ఎదుటివారి కళ్లలో కొట్టకుండా క్రిందికి వంచండి. సెల్‌ఫోను హ్యాండిలుకు తగిలించేవారు వణుకు తగ్గించే రబ్బరు బిళ్ల వున్నది వాడండి. మోటారు సైకిలు ఇంజను వణుకుకు ఫోను కెమెరా చెడే అవకాశమున్నదని 2021లో ఆపిల్ కంపెనీయే హెచ్చరించింది.

ఒక ఉదాహరణ చెప్పి ముగిస్తాను. 2004లో ఇవాన్ మెక్‌గ్రెగర్, చార్లీ బూర్మన్ అనే నటులిద్దరు లండనునుంచి తూర్పుగా న్యూయార్కు దాకా మోటారు సైకిళ్ల మీద వెళ్లారు. పెద్ద బండ్లు, నిండు పెట్టెలు. మంగోలియా బురదలో బండ్లు పదే పదే పడ్డాయి. వారి కెమెరామన్ బండి చట్రం విరిగిపోతే, అక్కడే ఒక చిన్న రష్యను బండి కొని దానిమీద దారి సాగించాడు. తేలికైన బండికి బురద అంత బెడద కాలేదు. ఆ యాత్ర చూచి లోకమంతా పెట్టెలు కొన్నదిగాని, ఆ చిన్న బండి చెప్పిన పాఠం కొద్దిమందే విన్నారు.

కావున యువకులారా, బయలుదేరే ముందు ఒక ఆదివారం మొత్తం సామాను కట్టుకొని, టైర్లలో గాలి బరువుకు తగినట్లు పట్టించి, చిక్కబళ్లాపురం దాకా వెళ్లి రండి. ఇంటికి వచ్చి సంచులు విప్పి, లేకపోయినా గడిచేదనిపించినవన్నీ ఒక ప్రక్కకు తీయండి. మందులు, పనిముట్లు, వానకోటు తప్ప తక్కినవి ఇంట్లోనే వుంచండి.

తల్లులకు ఒక్క మనవి. బిడ్డ వెళ్లేనాడు జాడీతో ఆవకాయ ఇవ్వకండి. చిన్న డబ్బాలో గట్టిగా మూత బిగించి ఇవ్వండి. తండ్రులకు ఒక మనవి. వద్దని కోప్పడేందుకు బదులు, ఆ ఆదివారం ప్రక్కన నిలబడి పట్టీలు లాగి చూడండి. పిల్లవాడు క్షేమంగా తిరిగివస్తే, వచ్చే ఉగాదికి ఈ వేదిక మీద తన యాత్రను గురించి వాడే మాట్లాడతాడు. ఆ ప్రసంగం వినడానికి నేను ముందు వరుసలో కూర్చుంటాను.