రాయి కూడా పారుతుంది



మొయినాబాద్ దాటి, మర్రిచెట్ల నీడన ముడిమ్యాలకు వచ్చాను. ఇక్కణ్ణుంచి వికారాబాద్ వైపు పోయేకొద్దీ కాళ్లకింద ఉన్నది సుమారు 6.6 కోట్ల ఏళ్లనాటి లావా. అది చివికి నల్లరేగడైతే, అందులో మన పత్తి పండుతోంది. ఆ లావాను పైకి పంపింది భూమి పైపెంకు కిందున్న మాంటిల్. పట్టాలందుకుంటున్న మీతో దాని గురించే మాట్లాడాలని వచ్చాను.

మాంటిల్ అంటే సలసల కాగే ద్రవమని చాలామంది అనుకుంటారు. కాదు, 2,890 కిలోమీటర్ల లోతుదాకా దాదాపు అంతా గట్టి రాయే. అయినా వేల, లక్షల ఏళ్ల మీద అది పారుతుంది. అరిసెల పాకం వేడిమీద జారుతుంది, చల్లారితే బిగుస్తుంది. ఆ లెక్కన లోతుకు పోయేకొద్దీ వేడి పెరిగి రాయి మెత్తబడాలి. కానీ పైబరువూ పెరుగుతుంది, అది అణువులను కదలనివ్వదు. ఈ పెనుగులాటలో ఏ లోతున ఏది గెలిచిందో చెప్పేదే స్నిగ్ధత, అంటే పారడానికి రాయి చూపే నిరోధం.

అక్కడికి ఎవరూ పోలేదు. మనిషి వేసిన అతిలోతైన బోరు, రష్యాలోని కోలాలో, 12 కిలోమీటర్లు దాటి ఆగింది. మరి ఎలా తెలిసింది? మంచుయుగపు బరువు దిగిపోయి వేల ఏళ్లయినా స్కాండినేవియా నేల ఇంకా పైకి లేస్తోంది, కొన్నిచోట్ల ఏడాదికి సెంటీమీటరు దాకా. 1935లో హాస్కెల్ అనే శాస్త్రవేత్త ఆ లేచే తీరునుంచే మాంటిల్ స్నిగ్ధతను లెక్కగట్టాడు. పాస్కల్ సెకన్లలో 1 పక్కన 21 సున్నాలు! నీటిది ఒక్క పాస్కల్ సెకనులో వెయ్యోవంతు మాత్రమే.

ఆ స్నిగ్ధత అన్ని లోతుల్లో ఒకటే కాదు. ఖండాలను మోసే పలకల అడుగున మెత్తని పొర ఉంది. ఇంకా కింద, 660 కిలోమీటర్ల దగ్గర ఖనిజాలే రూపు మార్చుకుంటాయి. ఆ కిందిభాగం పైదానికన్నా ఎన్నో రెట్లు బిగువు. ఆ బిగువు అక్కడే మొదలవుతుందా, వెయ్యి కిలోమీటర్ల దగ్గరా అన్నది 2015 నుంచి గట్టిగా నడుస్తున్న వాదం. నాకు ఎంతో ఇష్టమైన వాదం, ఇంకా తేలలేదు.

మన హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు విదేశీ సహచరులతో కలిసి 2007లో మనల్ని మోసే భారత పలక గురించి ఒక మాట చెప్పారు. గోండ్వానా అనే ప్రాచీన మహాఖండం నుంచి విడిపోయిన మిగతా ముక్కల వేళ్లు 180 నుంచి 300 కిలోమీటర్ల లోతుకు దిగితే, భారత పలకవి వంద దగ్గరే ఆగాయి. అడుగునుంచి ఎగసిన వేడి వాటిని కరిగించి ఉంటుందని, అందుకే మన పలక ఒకప్పుడు ఏడాదికి 18 నుంచి 20 సెంటీమీటర్లు పరుగెత్తిందని వాళ్ల వాదన. ఊడలు దిగని మర్రిని ఊహించుకోండి.

ఇప్పుడు ఆ వేగం 5 సెంటీమీటర్ల దాకా తగ్గింది. అయినా మీరు ఇక్కడ చదివిన నాలుగేళ్లలో ఈ ముడిమ్యాల, మర్రిచెట్లతో సహా, ఈశాన్యానికి దాదాపు జానెడు జరిగింది.